దిద్దిన బొమ్మ

హెడ్మాస్టరుగారు పరిగెత్తగా ఆ బళ్ళో ఎవరూ చూసి ఎరగరు. మెట్లెక్కాలంటే రెండు మెట్లకోసారి ఆగి, రెయిలింగు పట్టుకుని, లోకం ఎటు పోతోందో కాసేపు ఆలోచించి మరీ ఎక్కే మనిషాయన. అలాంటాయన మంగళవారం రెండో పీరియడ్లో, చేతిలో కాగితం ఊపుకుంటూ, కళ్ళజోడు ముక్కు చివరికి జారుతున్నా పట్టించుకోకుండా, నాలుగో తరగతి గదిలోకి వచ్చిపడ్డారు.

"వచ్చిందమ్మా టీచర్‌గారూ! సీటొచ్చేసింది! పదకొండేళ్ళ నుంచి పంపుతున్నాం, ఒక్కసారైనా మనవైపు చూశారా వాళ్ళు? ఇప్పుడు చూశారు!"

ఎందుకో ఏమిటో తెలియకుండానే పిల్లలు చప్పట్లు కొట్టేశారు. చప్పట్లకి పిల్లలకు కారణాలక్కర్లేదు కదా. బొమ్మల టీచరు మాత్రం బోర్డు దగ్గర నిలబడిన మనిషి నిలబడినట్టే ఉండిపోయింది. సంతోషం పట్టలేక అలా అయిపోయిందనుకున్నారు హెడ్మాస్టరుగారు. పాపం, ఆయనకేం తెలుసు.

సంగతేమిటంటే, ఆ ఊళ్ళో ఒక చిత్రకళా కేంద్రం ఉంది. ఏటా చిన్న పిల్లల బళ్ళన్నిటి నుంచీ బడికొక్క బొమ్మ చొప్పున తెప్పించుకుంటారు. అందులో పన్నెండు బొమ్మలు ఏరి, అవి వేసిన పన్నెండు మంది పిల్లలకీ ఏడాది పొడుగునా ప్రతి శనివారం క్లాసు పెడతారు. రంగులు, మట్టి, బ్రష్షులు అన్నీ వాళ్ళవే. నేర్పేవాళ్ళు కూడా బొమ్మలే పనిగా పెట్టుకున్న అసలు సిసలు కళాకారులు. ఊళ్ళో నలభై రెండు బళ్ళున్నాయి. ఆ సీటు కోసం తల్లిదండ్రులు పడే పాట్లు చూస్తే పెద్ద చదువులకి కూడా అంత పడరేమో అనిపిస్తుంది.

ఈసారి ఆ సీటు మూడో బెంచీ చివర కూర్చునే తొమ్మిదేళ్ళ పిల్లకొచ్చింది. క్లాసంతా గిలక్కాయ అంటారు దాన్ని. ఒక్క క్షణం నోరు మూతపడదు. పెన్సిల్ చెక్కుతూ మాట్లాడుతుంది, నీళ్ళు తాగుతూ మాట్లాడుతుంది, మాట్లాడొద్దని టీచరు చెప్తే ఎందుకు మాట్లాడకూడదో మాట్లాడుతుంది. వాళ్ళమ్మ పద్నాలుగో నంబరు సిటీ బస్సు డ్రైవరు. బడి వదలగానే గిలక్కాయ ఆ బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, డ్యూటీ అయ్యేదాకా ఊరంతా తిరుగుతూ హోంవర్కు చేసుకుంటుంది. ఇంటి దగ్గర చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు.

"గిలక్కాయా, లేచి నిలబడవే!" అన్నారు హెడ్మాస్టరుగారు. ఆ పిల్ల నిలబడటం కాదు, ఏకంగా బెంచీ మీదికెక్కేసింది.

ఇక దాచి లాభం లేదు, జరిగింది చెప్పేసుకుందాం.

నెల కిందటి మాట. ఈ ఏడాదికి కేంద్రం వాళ్ళిచ్చిన విషయం "మా ఇంట్లోవాళ్ళ పని." క్లాసులో ముప్ఫై నాలుగు మంది వేశారు. ముప్ఫై మూడు బొమ్మల్లో ఇల్లు, ఇంటి మీద సూర్యుడు, ఇంటి ముందు చేతులు బారజాపిన నాన్న. గిలక్కాయ బొమ్మ ఒక్కటే వేరేగా ఉంది. కాగితంలో సగం నల్లటి గుండ్రం, అంటే స్టీరింగు. దాని ముందు మనకి వీపు పెట్టి కూర్చున్న మనిషి, లావుపాటి జడ. పైన సన్నగా, పొడుగ్గా ఒక పెట్టెలాంటిది. ఆ పెట్టెలో రెండు కళ్ళు. అంతే. ముక్కు లేదు, నోరు లేదు. ఎదురుగా బస్సు ముందరి అద్దంలో రోడ్డూ లేదు, చెట్టూ లేదు, ఉత్త పసుపు రంగు.

ఇదే పంపాలని బొమ్మల టీచరు ఆ నిమిషంలోనే అనుకుంది. అనుకున్నది అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! శుక్రవారం నాలుగింటికి కేంద్రం వ్యాను వస్తుంది. మూడింటికి స్టాఫ్‌రూములో బొమ్మ ముందు పెట్టుకుని చూస్తే ఆవిడకి లోపాలు కనబడటం మొదలెట్టాయి. పిల్ల పూర్తి చెయ్యకుండానే ఇచ్చేసినట్టుంది అనుకుంది. మొహం సగంలో వదిలేసింది, స్టీరింగు చూస్తే బండిచక్రమంత ఉంది, జడ్జీలు పక్కన పడేస్తారేమో అనుకుంది. అప్పుడు గిలక్కాయ ఎక్కడో లేదు. కిటికీ అవతల ఆటస్థలంలో, పిలిస్తే పలికే దూరంలో, తాడాట ఆడుతూ అరుస్తోంది. ఆ అరుపు వినబడుతూనే ఉంది. పిలిచి ఒక్కమాట అడగాలని మాత్రం తోచలేదు.

ఆరో నంబరు బ్రష్షు తీసింది. ముక్కు ఒక్కటి పెడదామనుకుంది. ముక్కు పెట్టాక నోరు లేకపోతే ఎలా? నోటికి చోటు చాల్లేదని ఆ పెట్టెని కాస్త పెద్దది చేసింది. పెట్టె పెద్దదయ్యాక కళ్ళు చిన్నవైపోయాయని వాటినీ దిద్దింది. స్టీరింగు తగ్గించింది. పసుపు రంగు మీద రెండు చెట్లు, ఒక దుకాణం, సైకిలు మీద ఒక ముసలాయన. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ నలభై నిమిషాలూ ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద మామిడికాయా, కుండా, జెండా వేసి వేసి అరిగిపోయిన చెయ్యి అది. ఒకప్పుడు తనూ పెద్ద బొమ్మలు వెయ్యాలనుకున్న మనిషే. పిల్ల కోసం చేశానని తర్వాత ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా, ఆ సంతోషం మాత్రం అచ్చంగా ఆవిడదే.

బొమ్మతో పాటు ఒక ఫారం ఉంటుంది. "ఇది పూర్తిగా విద్యార్థి స్వయంగా వేసిన బొమ్మ అని ధ్రువీకరిస్తున్నాను." దాని కింద సంతకం పెట్టింది.

హెడ్మాస్టరుగారు కబురు తెచ్చిన వారమే, శనివారం నాడు, కేంద్రంలో పన్నెండు బొమ్మలూ గోడకి పెట్టారు. పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పిలిచారు. గిలక్కాయ వాళ్ళమ్మ ఎవరితోనో డ్యూటీ మార్చుకుని, మధ్యాహ్నం మళ్ళీ బండెక్కాలి కాబట్టి యూనిఫాంలోనే వచ్చేసింది.

గిలక్కాయ ముందుగా చూసింది గోడ మీది బొమ్మల్ని కాదు. పక్క గదిలో తిరుగుతున్న మట్టి చక్రాన్ని. ఎవరో ఒకావిడ కాలితో తిప్పుతూ, తడిచేత్తో ముద్దని అలా పట్టుకుంటే అది గిన్నెలా లేచింది. "టీచర్ టీచర్ టీచర్! శనివారాలు ఇదే చేస్తామా? నన్ను తిప్పనిస్తారా? అమ్మా, నీ స్టీరింగు నాకివ్వవుగా, ఇక్కడ నాకు సొంతంగా చక్రం ఉంటుంది చూడు!" వాళ్ళమ్మ పగలబడి నవ్వింది. ఆ తర్వాత తన బొమ్మ దగ్గరికి పరిగెత్తింది గిలక్కాయ.

పరిగెత్తి, ఆగిపోయింది.

మనం మాట్లాడుకుంటున్నది నోరు మూతపడని పిల్ల గురించి. ఆ బొమ్మ ముందు ఆ పిల్ల నోరు మూతపడింది. ఒకసారి కింద కార్డు మీదున్న తన పేరు చూసుకుంది. మళ్ళీ బొమ్మ చూసింది. వెనక్కి తిరిగి టీచరుని చూసింది. సరిగ్గా అప్పుడే కేంద్రం పెద్దాయన వచ్చాడు. తెల్లగడ్డం, గోళ్ళ సందుల్లో ఎండిన మట్టి, మెత్తటి మనిషి. పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "ఇది నువ్వే వేశావా తల్లీ?" అనడిగాడు.

మందలించడానికి కాదు, ముద్దుకి అడిగాడు. గిలక్కాయ ఇంకా టీచరునే చూస్తోంది. టీచరు గోడ గడియారం చూసింది. పదకొండున్నర అయింది. ఇప్పటికీ ఆ టైము ఆవిడ మర్చిపోలేదు.

"నేనే వేశానండీ," అంది గిలక్కాయ.

వాళ్ళమ్మకి ఇదేమీ తెలియదు. బొమ్మని ఎగాదిగా చూసి, "అబ్బో! బస్సులో నేనింత నవ్వుతూ ఉంటానా? చూసినవాళ్ళు డ్రైవరుకి పనీపాటా లేదనుకుంటారే!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పెద్దాయన నవ్వాడు. బొమ్మల టీచరు కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు ఆవిడకి.

సోమవారం క్లాసులో ఎవరికిష్టమైన జంతువుని వాళ్ళు వెయ్యమంది. గిలక్కాయ గడగడా మాట్లాడలేదు. ఒక పిల్లి వీపూ తోకా వేసి, కాగితం పట్టుకొచ్చి టేబుల్ మీద పెట్టింది. రెండో చేతిలో బ్రష్షు ఉంది. దాన్ని టీచరు వైపు చాపింది.

"ఇదేమిటి? నాకెందుకు?"

"మిగతాది మీరు వెయ్యండి, టీచర్."

"నువ్వే వెయ్యాలమ్మా."

"నాకు మొహాలు రావుగా," అంది గిలక్కాయ, ఎప్పటినుంచో అందరికీ తెలిసిన విషయం చెప్తున్నట్టు.

టీచరు బ్రష్షు అందుకోలేదు. పిల్లని వరండాలోకి తీసుకెళ్ళింది. నెల రోజుల కిందట అడగాల్సిన మాట అప్పుడడిగింది. "ఆ బస్సు బొమ్మలో ముక్కూ నోరూ ఎందుకు వెయ్యలేదే నువ్వు?"

"అమ్మ తలపైన అద్దం ఉంటుంది కదా టీచర్, వెనకవాళ్ళు కనబడటానికి. అది సన్నగా ఉంటుంది. నా సీట్లోంచి చూస్తే అందులో అమ్మ కళ్ళే కనబడతాయి. ముక్కు కనబడదు. మెడ ఎంత సాగదీసినా కనబడదు."

"మరి బొమ్మ చూడగానే ఎందుకు చెప్పలేదు? ఆ పెద్దాయన అడిగినప్పుడు?"

గిలక్కాయ కాలి బొటనవేలితో నేల గీసింది. "చెప్తే మిమ్మల్ని తిడతారుగా."

తొమ్మిదేళ్ళ పిల్ల! తనకన్నా నలభై ఏళ్ళు పెద్దదాన్ని వెనకేసుకొచ్చి, అంతమందిలో అబద్ధమాడి, ఆ అబద్ధాన్ని రెండు రోజులుగా ఒక్కతే మోస్తోంది. లోపల ముప్ఫై మూడు మంది గోల పెడుతున్నారు. బొమ్మల టీచరు వెళ్ళి వాళ్ళని కసిరింది. వాళ్ళేం చేశారు పాపం.

ఇంట్లో బొమ్మల టీచరూ, ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన వాళ్ళక్కా ఉంటారు. అక్క నోరు మందు వెయ్యకుండానే మంట పుట్టిస్తుందని ఆస్పత్రిలో అనుకునేవాళ్ళట. సాయంత్రం అక్క బఠాణీలు ఒలుస్తుంటే చెల్లెలు పక్కన కూర్చుని మొత్తం చెప్పేసింది. చెప్పి, "రేపు కేంద్రానికెళ్ళి నిజం ఒప్పేసుకుంటాను అక్కా," అంది.

"ఒప్పేసుకుంటే ఏమవుతుంది?"

"సీటు తీసేస్తారనుకుంటా."

"ఎవరి సీటే? నీదా?"

చెల్లెలు ఒక బఠాణీ కాయ తీసుకుని ఒలవడం మొదలెట్టింది.

"నీ గుండె తేలికవ్వడానికి దాని సీటు పోవాలన్నమాట. బాగుంది! బొమ్మ పాడుచేసింది నువ్వు, శిక్ష దానికీ, నిద్ర నీకూనా?"

"మరి నోరు మూసుకుని ఊరుకోమంటావా?"

"నేనెప్పుడన్నానే ఆ మాట?" అక్క ఒలిచిన తొక్కలు చేటలోంచి పక్కకి దులిపింది. "పేషంటుకి సూది పొడిచేముందు కూడా చెప్పి పొడుస్తాం. ఒకసారి ఆ పిల్లనడక్కుండా చేశావు. రెండోసారి కూడా అడక్కుండా చెయ్యకు. వెళ్ళి తల్లీకూతుళ్ళతో మాట్లాడు ముందు."

మర్నాడు బడి వదిలాక బొమ్మల టీచరు గిలక్కాయతో పాటు పద్నాలుగో నంబరు బస్సెక్కింది. డ్రైవరు వెనక సీటు ఇద్దరికి సరిపోతుంది. కూర్చుని తలెత్తి చూసింది. నిజమే. సన్నటి అద్దం, అందులో రెండు కళ్ళు. ముక్కు కనబడటం లేదు. బండి కదిలినప్పుడు ఆ కళ్ళు ముందున్న రోడ్డు మీదే ఉన్నాయి. ఎర్రదీపం పడి ఆగినప్పుడు ఒక్కసారి పైకి లేచి, కూతురు కూర్చున్నచోట వాలి, మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. దారిలో ఉన్న పద్దెనిమిది స్టాపులూ అలాగే గడిచాయి. అన్ని స్టాపుల్లోనూ దిగిపోదామా అనిపించింది ఆవిడకి.

చివరి స్టాపులో బండికి పది నిమిషాలు విరామం. జనం దిగిపోయారు. డ్రైవరమ్మ ఇంజను ఆపి, సీసాలో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. "ఏంటి టీచర్‌గారూ, ఈవేళ మా బండెక్కారు? ఇది అల్లరేమైనా చేసిందా?"

"అల్లరి చేసింది నేనమ్మా," అంది టీచరు. మొత్తం చెప్పింది. ముక్కు, నోరు, చెట్లు, సైకిలు ముసలాయన, సంతకం, గడియారం. ఏదీ వదల్లేదు.

డ్రైవరమ్మ సీసా మూత బిగించింది, తీసింది, మళ్ళీ బిగించింది. "పోటీలో గెలిచిందని డిపోలో అందరికీ చెప్పానండీ," అంది చివరికి. "మా కంట్రోలరుకి కూడా చెప్పాను. ఆయనకి ఎవరి మాటా వినే తీరిక ఉండదు. ఆయన కూడా విన్నాడు."

"తప్పయిపోయిందమ్మా."

"బొమ్మ దిద్దినందుకు నాకంత కోపం లేదు. నాకు బొమ్మల గురించి ఏం తెలుసు? కానీ అబద్ధమాడటం నేర్పాలంటే ఇంట్లో నేను చాలనా టీచర్‌గారూ? దానికి బడెందుకు?" ఆవిడ గొంతు బస్సంతా వినబడింది. బస్సులో ముగ్గురే ఉన్నారు కాబట్టి సరిపోయింది. "అది రెండు రాత్రులు సరిగ్గా తినలేదు. ఎండ దెబ్బేమో అనుకుని గ్లూకోజు పట్టించాను. నా మతి మండినట్టే ఉంది!"

గిలక్కాయ సీట్లో ముడుచుకుని కూర్చుంది. టీచరు ఆ పిల్ల వైపు తిరిగింది. "నేను వెళ్ళి నిజం చెప్తే సీటు పోవచ్చు. చెప్పకపోతే ఉంటుంది. తప్పు నాది, నీది కాదు. కానీ సీటు నీది. నువ్వేమంటే అది చేస్తాను."

ఇంత పెద్ద బరువు తొమ్మిదేళ్ళ పిల్ల మీద పెడుతున్నానే అని ఆ మాట అంటున్నప్పుడే ఆవిడకి సిగ్గేసింది. ఎటు తిరిగినా పిల్ల మీదే పడుతోంది.

"చెప్తే మట్టి చక్రం ఉండదా?"

"ఉండకపోవచ్చమ్మా."

"నాకు చక్రం కావాలి," అంది గిలక్కాయ వెంటనే. తర్వాత వాళ్ళమ్మని చూసింది. కాసేపు సీటు కవరుకున్న చిరుగులో వేలు పెట్టి తిప్పింది. "కానీ అక్కడ నన్ను బొమ్మ వెయ్యమంటారుగా. అలాంటి నోరు నాకు రాదు. మీరేమో ప్రతి శనివారం రారు." మళ్ళీ ఆలోచించింది. "చెప్పెయ్యండి టీచర్."

టైమయిపోయింది. డ్రైవరమ్మ కళ్ళు ఒకసారి గట్టిగా తుడుచుకుని ముందుకి తిరిగి ఇంజను స్టార్టు చేసింది.

బుధవారం కేంద్రం పెద్దాయన మట్టి పిసుకుతూ విన్నాడు. వింటున్నంతసేపూ చేతులు ఆగలేదు. అయ్యాక గిన్నెలో చేతులు కడుక్కుని, "సంతకం మీదేనా?" అనడిగాడు.

"నాదేనండీ."

ఆయన వెళ్ళి గోడ మీంచి బొమ్మ తీసుకొచ్చాడు. పదమూడో స్థానంలో ఉన్న పిల్లకి ఆ సీటు వెళ్తుందని చెప్పాడు. అది రూలని చెప్పలేదు, ఆ పదమూడో పిల్ల తన బొమ్మ తనే వేసుకుంది కాబట్టి అది ఆ పిల్లదేనన్నాడు. ఆ పిల్ల సంగతి బొమ్మల టీచరు ఒక్కసారి కూడా తలుచుకోలేదు ఈ నెల రోజుల్లో.

"మా బడిని మాత్రం ఆపకండి. నన్నేమైనా చెయ్యండి," అంది.

"బడి పంపొచ్చు. మీ గిలక్కాయ కూడా వచ్చే ఏడు పంపొచ్చు, మీ బళ్ళో ఐదో తరగతి దాకా ఉందిగా. ఫారం మీద సంతకం మాత్రం మీరు కాకుండా ఇంకెవరైనా పెట్టాలి."

ఆవిడ తలూపింది. లేచి, గుమ్మం దాకా వెళ్ళి, మనసాగక వెనక్కి తిరిగింది. "నేను చెయ్యి పెట్టకపోయి ఉంటే... దానికి సీటు వచ్చేదంటారా?"

పెద్దాయన బొమ్మని ఆవిడ చేతికిచ్చాడు. "ఎలా చెప్పమంటారమ్మా? మా దగ్గరికి ఆ బొమ్మ రాలేదుగా."

హెడ్మాస్టరుగారు విషయం విని ఉపన్యాసం ఇవ్వలేదు. ఆయన ఉపన్యాసం ఇవ్వకపోవడం కూడా ఆ బళ్ళో ఎవరూ ఎరగరు. "పిల్లకి నేను చెప్పనా, మీరు చెప్తారా?" అని మాత్రం అడిగారు. నేనే చెప్తానంది బొమ్మల టీచరు.

సాయంత్రం క్లాసు ఖాళీ అయ్యాక, బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుందనగా చెప్పింది. తెలిసిన విషయమే అయినా గిలక్కాయకి ఏడుపాగలేదు. బెంచీ మీద తల పెట్టుకుని, "నా చక్రం" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. వచ్చే ఏడుందిగా అని టీచరు అనబోయి ఊరుకుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి వచ్చే ఏడంటే ఎప్పుడో, ఎక్కడో. పక్కన కూర్చుంది. వీపు నిమరాలనిపించింది, ఆ హక్కు ఉందో లేదో తెలియక చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుంది.

ఏడుపు సద్దుమణిగాక గిలక్కాయ ముక్కు తుడుచుకుని, "నా బొమ్మేది?" అంది.

టీచరు షీటు విప్పి టేబుల్ మీద పరిచింది. ఇద్దరూ చూశారు. అద్దంలో డ్రైవరమ్మ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.

"పైన మీరు వేసింది తీసేస్తే కింద నాది ఉంటుందా?"

"ఉండదమ్మా. రెండూ నీళ్ళ రంగులే. తడి తగిలితే కలిసిపోతాయి."

"కొంచెమే తడిపితే?"

జవాబు కోసం ఆగలేదు ఆ పిల్ల. పాత గుడ్డముక్క తీసి, నీళ్ళలో ముంచి, పిండి, వేలికి చుట్టుకుంది. నాలుక బయటపెట్టి, ఎంతో జాగ్రత్తగా, ముందు ఆ నోటి మీద రుద్దింది. టీచరు చెయ్యి అలవాటుకొద్దీ ముందుకొచ్చేసింది. "అలా కాదు, పక్కనుంచి..."

"మీరు ముట్టుకోకండి టీచర్."

కోపంగా అనలేదు. పనిలో ఉండి అంది. టీచరు చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఎర్రరంగు కరిగి గులాబీ అయింది, గులాబీ కాస్తా మట్టిరంగు అయింది. ముక్కు పోయింది. గడ్డం పోయింది. కళ్ళ దగ్గరికొచ్చేసరికి గిలక్కాయ ఊపిరి బిగబట్టి గోటి చివరతో రుద్దింది. కాగితం నూగులేచింది. కళ్ళు రెండూ నల్లగా అలుక్కుపోయాయి. కింద ఇంకేమీ లేదు. కాసేపు ఆ మచ్చనే చూస్తూ నిలబడింది.

"టీచర్, నా బొమ్మలో అమ్మ రోడ్డుని చూస్తున్నట్టు వేశానా, నన్ను చూస్తున్నట్టు వేశానా? మళ్ళీ వేద్దామంటే గుర్తు రావట్లేదు. మీరు చూశారుగా."

బొమ్మల టీచరు కళ్ళు మూసుకుంది. ఆ శుక్రవారం, ఆ టేబుల్, ఆ కాగితం అన్నీ కళ్ళముందుకొచ్చాయి. ముక్కు లేకపోవడం గుర్తుంది. నోరు లేకపోవడం గుర్తుంది. స్టీరింగు ఎంత పెద్దదో కొలతలతో సహా గుర్తుంది. ఆ రెండు కళ్ళు ఎటు చూస్తున్నాయో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

కిటికీ అవతల పద్నాలుగో నంబరు బస్సు హారను రెండుసార్లు మోగింది. గిలక్కాయ కదల్లేదు. జవాబు కోసం చూస్తోంది.

"నేను చూడలేదమ్మా," అంది బొమ్మల టీచరు.